సేవకు వెళ్లి షికార్లా? – టీచరమ్మ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు ఇరవై ఆరు. అందులో పంతొమ్మిది సమోవా గురించే. మా వారూ నేనూ పద్దెనిమిది నెలలు అక్కడ ఉండి వచ్చామని గత నెల ఇదే పేజీలో నాలుగు మాటలు రాసి, మూడు ఫొటోలు వేయించిన ఫలితం ఇది. కొత్తగా చదువుతున్నవారి కోసం చెబుతున్నాను: మాది రాజమండ్రి. యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘానికి చెందినవాళ్లం. పిల్లల బాధ్యతలు తీరిన దంపతులు సొంత ఖర్చుతో కొన్ని నెలలు వేరే చోటికి వెళ్లి పనిచేసే పద్ధతి మా సంఘంలో ఉంది. వాళ్లను సీనియర్ మిషనరీలు అంటారు. మాకు పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న సమోవా వచ్చింది. 2023 జనవరిలో వెళ్లి 2024 జూలైలో తిరిగి వచ్చాం. లెక్కల సందేహాలు అడిగినవారు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

టీచరుగారూ, మీరు వేసిన మూడు ఫొటోల్లో ఒకటి సముద్రం, ఒకటి జలపాతం, ఒకటి విందు. సేవకు వెళ్లి షికార్లు చేసి వచ్చారా? ఇంతకీ సేవ ఏ ఫొటోలో ఉంది?
– ఒక పాఠకుడు, తణుకు

సేవ ఫొటోకు పనికిరాదు నాయనా. మా వారు చేసిన పని చెబుతాను, అందులో ఫొటో తీయదగినది ఏముందో మీరే చూడండి. ఇరవై ఏళ్ల మిషనరీ కుర్రాళ్లు, అమ్మాయిలు ఇద్దరిద్దరు చొప్పున ద్వీపమంతా ఉంటారు. వాళ్ల అద్దె ఇళ్లకు వెళ్లి గ్యాస్ పొయ్యి గొట్టం చూడాలి. దోమతెర చిరిగితే మార్చాలి. నీళ్ల ఫిల్టరు కడిగారా అని అడగాలి. కడిగామని అంటే మూత తీసి, లోపలి పాచి వాళ్లకే చూపించాలి. రైల్వే స్టోర్సులో ముప్పై నాలుగేళ్లు మేకులు, బోల్టులు లెక్కపెట్టిన మనిషికి అది కొత్త ఉద్యోగమేమీ కాదు. నేను వారానికి నాలుగు రోజులు పెద్ద వయసు ఆడవాళ్లకు లెక్కలు చెప్పాను. భిన్నాలు, శాతాలు, వడ్డీ.

శనివారం మాది. కుర్ర మిషనరీలకు నిద్ర లేచే వేళ దగ్గర నుంచి నియమాలే, మా వయసువాళ్లకు అంత బిగింపు లేదు. కాబట్టి తిరిగాం. దానికి వేరే పేరు పెట్టి మిమ్మల్ని మభ్యపెట్టను, షికారే చేశాం.

కానీ మీ ప్రశ్న చదివాక నాకు ఒక మనిషి గుర్తొచ్చింది. నా తరగతిలో చివరి వరుసలో కూర్చునే ఒకావిడ, మూడు నెలలపాటు ‘తాలోఫా’ తప్ప నాతో ఒక్క మాట పలకలేదు. తాలోఫా అంటే నమస్కారం. ఒక శనివారం మేము సవాయీ ద్వీపానికి బయలుదేరాం. రాజధాని ఆపియా ఉన్నది ఉపోలు ద్వీపంలో. దాని పడమటి కొసన ఉన్న మూలిఫానువా రేవులో ఓడ ఎక్కితే గంట, గంటన్నరలో సవాయీలోని సలెలొలోగా రేవు వస్తుంది. కార్లు, లారీలు కూడా ఎక్కుతాయి. మన కోనసీమ పంటుకు పెద్దన్న అనుకోండి. అందులో ఆవిడ కనిపించింది. నాకు కడుపులో తిప్పుతున్నదని చూసి వచ్చి పక్కన కూర్చుంది. వాళ్ల అబ్బాయి న్యూజీలాండ్‌లో పండ్ల తోటల్లో కోత పనికి వెళ్లాడట. ఫోను చేస్తే ఎత్తడట. మా అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడు. వాడూ ఎత్తడు. ఓడ రేవుకు చేరేదాకా ఇద్దరు కొడుకులనూ సమంగా తిట్టుకున్నాం. తరువాతి సోమవారం ఆవిడ మొదటి వరుసలోకి వచ్చి కూర్చుంది. భిన్నాలు అర్థం కావడం లేదని మూడు నెలల తరువాత ఆ రోజు చెప్పింది.

సవాయీలో ఏం చూశామని కూడా అడిగారు. ఆలొఫాగా అనే చోట తీరపు రాతిలో గొట్టాల్లాంటి కన్నాలు ఉన్నాయి. అల లోపలికి తన్నినప్పుడు నీళ్లు కొబ్బరిచెట్టుకన్నా పైకి చిమ్ముతాయి. అక్కడి పెద్దాయన ఒకరు సమయం చూసి కన్నంలోకి కొబ్బరికాయ విసురుతాడు. అది తుపాకీ గుండులాగా ఆకాశంలోకి పోతుంది. సలెఆఉలా దగ్గర 1905 నుంచి 1911 దాకా అగ్నిపర్వతం కక్కిన లావా గడ్డకట్టి నల్లటి మైదానమై ఉంది. లావా దూరి వెళ్లిన పాత చర్చి గోడలు ఇంకా నిలబడి ఉన్నాయి. మా వారు అక్కడ చాలాసేపు మాట్లాడలేదు. ఎండ దెబ్బ తగిలిందేమోనని కంగారుపడ్డాను.

అక్కడ మీకు భయం వేసిన రోజు ఏదైనా ఉందా అమ్మా?
– డిగ్రీ విద్యార్థిని, నల్గొండ

ఉంది. వెళ్లిన రెండో నెలలో. లొటొఫాగా ఊరి దగ్గర తో సువా అని ఒక పెద్ద గుంట ఉంది. ముప్పై మీటర్ల లోతు, అడుగున సముద్రపు నీళ్లు, దిగడానికి నిటారుగా చెక్క నిచ్చెన. మా వారు దిగారు. నేను పైన కూర్చుని ఆయన చెప్పులకు కాపలా కాశాను. తిరిగి వచ్చేటప్పుడు దారి తప్పి ఒక ఊరి లోపలికి వెళ్లాం. సాయంత్రం ఆరు దాటింది. ఎక్కడో శంఖం ఊదారు. నడుముకు లవలవా కట్టుకున్న ఒక బలమైన కుర్రవాడు రోడ్డు మధ్యకు వచ్చి అరచేయి ఎత్తాడు. మా వారు మెల్లగా, ‘ఏమోయ్, డబ్బులు తీయి’ అన్నారు. నేను పది తాలాల నోటు తీసి చాపాను. అతను నోటు వంక కూడా చూడలేదు, ఇంజను ఆపమని సైగ చేశాడు.

ఇంజను ఆగింది. అప్పుడు పాట వినిపించింది. సమోవా పల్లెల్లో పాతకాలపు ఇళ్లకు గోడలు ఉండవు. గుండ్రంగా స్తంభాలు, పైన కప్పు, వాన వస్తే దించుకునే కొబ్బరాకు తడికెలు, అంతే. ఏ ఇంట్లో చూసినా కుటుంబమంతా నేల మీద కూర్చుని ప్రార్థన పాట పాడుతున్నారు. దీన్ని ‘సా’ అంటారు. ఆ పావుగంట ఊళ్లో ఎవరూ తిరగకూడదు. అది చూడడానికే ఆ కుర్రవాడు కాపలా ఉన్నాడు. శంఖం ఊదే సమయానికి మా వారి నోట్లో బిస్కెట్ ముక్క ఉంది. నమలాలో మానాలో తెలియక పావుగంట అలాగే బుగ్గన పెట్టుకుని కూర్చున్నారు. మళ్లీ శంఖం ఊదాక కుర్రవాడు పక్కకు తప్పుకుని, ఇక వెళ్లవచ్చని తల ఊపాడు. అప్పుడు మింగారు.

చేపలు, మాంసం, దుంపలు తప్ప ఏమీ దొరకవని విన్నాను. అన్నం లేకుండా ఎలా బతికారు?
– గృహిణి, భీమవరం

అన్నం దొరుకుతుంది. దొరకనిది చింతపండు. నేను తీసుకెళ్లిన కిలో మూడో నెలకే అయిపోయింది. అక్కడి నుంచి అంతా నిమ్మకాయ పులిహోరే. మా సంఘంలో కాఫీ, టీలు తాగం కాబట్టి ఆ బెంగ లేదు. వాళ్ల తోటలో కాసిన కోకో గింజలను వేయించి, దంచి, వేడినీళ్లలో కలిపి ఇస్తారు. అడుగున రవ్వ మిగులుతుంది. ఆ రవ్వను కూడా నమలడం నేర్చుకున్నాక నేను వాళ్లలో ఒకదాన్నయ్యాను.

అసలు సంగతి చేమ. మన చేమదుంపే వాళ్ల ప్రధానమైన తిండి. 1993లో ఆకుతెగులు వచ్చి దేశంలోని చేమ పంట మొత్తం తుడిచిపెట్టుకుపోయిందని ముసలివాళ్లు ఇప్పటికీ కరువు కథలాగా చెబుతారు. లేత చేమ ఆకుల్లో చిక్కటి కొబ్బరిపాలు, ఉల్లిపాయ పెట్టి పొట్లం కట్టి, కాల్చిన రాళ్ల మీద అరటాకులు కప్పి ఉడికిస్తారు. ఆ రాళ్ల పొయ్యిని ఉము అంటారు, ఆ పొట్లాన్ని పలుసామి అంటారు. మొదటిసారి చూడగానే నేను చేసిన మొదటి పని, ‘బాగా ఉడికిందా?’ అని అడగడం. ఉడకని చేమ ఆకు గొంతులో ఎంత దురద పెడుతుందో మనకు తెలుసు కదా. వండిన ఆవిడ నా వంక గౌరవంగా చూసింది. తెల్లవాళ్లెవరూ ఆ ప్రశ్న అడగరట.

మీరు భీమవరం వారు కాబట్టి పలోలో సంగతి కూడా చెప్పాలి. ఏటా అక్టోబర్‌లోనో నవంబర్‌లోనో, పౌర్ణమి వెళ్లిన వారానికి, తెల్లవారుజామున సముద్రపు దిబ్బల్లోంచి నీలం, ఆకుపచ్చ దారాల్లాంటి పురుగులు పైకి తేలుతాయి. ఏడాదిలో ఆ ఒకటి రెండు రాత్రులే. ఊరంతా లాంతర్లు, వలలు పట్టుకుని నడుంలోతు నీళ్లలో దిగుతుంది. మన గోదావరి పులసకు ఎంత సంబరమో దీనికీ అంతే, పుస్తెలు అమ్మే మాట ఒక్కటి తక్కువ. వెన్నలో వేయించి రొట్టె మీద వేసి ఇచ్చారు. మా వారు రెండు తిన్నారు. నేను ఉపవాసమన్నాను. ఆ రోజు ఉపవాసం కాదు. దేవుడికి తరువాత చెప్పుకున్నాను.

అక్కడి పండుగల్లో, సభల్లో పరాయివాళ్లుగా అనిపించలేదా? మీకు బాగా గుర్తున్న వేడుక ఏది?
– పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, ఖమ్మం

మాస్టారూ, మీకు నచ్చే వేడుక ఒకటి ఉంది. అక్టోబర్ రెండో ఆదివారం పిల్లల పండుగ. వైట్ సండే అంటారు. దేశంలోని చాలా చర్చిలు చేస్తాయి, మర్నాడు ప్రభుత్వ సెలవు. వారం ముందు నుంచి ఊళ్లో కుట్టుమిషన్ల చప్పుడే. పిల్లలందరికీ తెల్ల బట్టలు. ఆ రోజు ప్రసంగం పెద్దలది కాదు, పిల్లలే బైబిలు వచనాలు చెబుతారు, పాడతారు, నాటికలు వేస్తారు. మిగతా రోజుల్లో పెద్దలు తిన్నాకే పిల్లలు తింటారు, పెద్దలు తింటున్నంతసేపు విసనకర్రతో ఈగలు తోలుతారు. ఆ రోజు పిల్లలు కూర్చుంటారు, పెద్దలు వడ్డిస్తారు.

మా చర్చిలో ఒక ఐదేళ్ల పిల్లవాడు మైకు ముందుకు వచ్చి వచనం మరిచిపోయాడు. పెదవి వణికింది. మొదటి వరుసలోని అవ్వలందరూ ఒక్కసారిగా గుసగుసగా అందించారు. ముప్పై మూడేళ్లు తరగతి గదిలో ‘అందించొద్దు’ అని బల్ల మీద బెత్తంతో కొట్టినదాన్ని, నాకు సమోవా భాషలో వచ్చిన ఆ రెండు మాటలూ నేను కూడా అందించాను. ఉచ్చారణ తప్పట. పిల్లవాడు ఏడుపు మాని నవ్వాడు.

జూన్ 1న స్వాతంత్ర్య దినం. స్వాతంత్ర్యం వచ్చింది 1962 జనవరి 1న. ఉత్సవం మాత్రం జూన్‌లో చేస్తారు. ఆపియాలో తెల్లవారకముందే పాఠశాలలు, ఊళ్లు, సంఘాలు వరుస కట్టి నడుస్తాయి. నా తరగతి ఆడవాళ్లు నాకు వాళ్ల పులెతాసి కుట్టించి కట్టబెట్టారు. పొడుగు లంగా మీద పొడుగు జాకెట్టు. పైన పైట లేక రోజంతా చేయి భుజం మీదకే పోయింది.

కిలికిటి అని వాళ్ల క్రికెట్ ఒకటి ఉంది. బ్యాటుకు మూడు పక్కలు, బంతి ఎటు పోతుందో కొట్టినవాడికీ తెలియదు. జట్టులో పదకొండు మందే ఉండాలని ఏమీ లేదు, ఎందరు వస్తే అందరు. వికెట్ పడితే ఆట ఆపి నాట్యం చేస్తారు. మా వారు అంపైరుగా నిలబడి నియమాలు చెప్పబోయారు. ఆతిథ్యం ఇచ్చే ఊరు చెప్పిందే నియమమని ఆయన్ను కూర్చోబెట్టి కొబ్బరిబోండాం చేతికిచ్చారు.

పరాయితనం అడిగారు కదా. అది అనిపించింది పెళ్లిళ్లలో కాదు, ఒక చావు ఇంట్లో. తరగతిలో ఒకావిడ మామగారు పోయారు. సమాధులు ఇంటి ముంగిట్లోనే ఉంటాయి, అది చూడడం అప్పటికి అలవాటైంది. మేము కవరులో కొంత డబ్బు పెట్టి తీసుకెళ్లాం. చుట్టాలు సన్నటి చాపలు పరిచి, మడిచి, ఇచ్చిపుచ్చుకుంటున్నారు. మేము లేచేటప్పుడు ఒక కుర్రవాడు డబ్బా చేపలున్న అట్టపెట్టె తెచ్చి మా కారులో పెట్టాడు. ఇంటికొచ్చాక మా వారు స్టోర్సు లెక్క వేశారు. మేము ఇచ్చినదానికంటే తెచ్చుకున్నదే ఎక్కువ. దుఃఖంలో ఉన్నవాళ్ల సొమ్ము తిన్నట్టుగా ఉందని మర్నాడు తిరిగి ఇవ్వబోయాం. ఆవిడ నన్ను అంతవరకు ఎన్నడూ లేనంత కోపంగా చూసింది. ‘టీచర్, మా మామయ్య పోయాడు. ఆయన పేరుతో పెట్టింది వెనక్కి తెస్తారా?’ అంది. పెట్టె మళ్లీ ఇంటికి వచ్చింది. ఆ చేపలు నెల రోజులు తిన్నాం. డబ్బా తెరిచినప్పుడల్లా సిగ్గుపడ్డాను.

సమోవాకూ తెలుగువాళ్లకూ ఏమైనా పాత సంబంధం ఉందా?
– పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

మా సంఘం వరకు మీ ఊరితోనే ఉంది. ఎడ్విన్ ధర్మరాజు గారు కీటక శాస్త్రవేత్త. 1970లలో ఆయన, భార్య ఎల్సీ గారు సమోవాలో ఉంటూ అక్కడే ఈ సంఘంలో చేరారు. 1978 డిసెంబర్‌లో ఆ దంపతులు కొద్దికాలపు మిషనరీలుగా హైదరాబాద్ వచ్చారు. అప్పుడు వాళ్ల బంధువుల్లో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లు ఈ విశ్వాసాన్ని సమోవా నుంచి హైదరాబాదుకు తెచ్చారు. నలభై నాలుగేళ్లకు మేము రాజమండ్రి నుంచి సమోవాకు పులిహోర తీసుకెళ్లాం.

మిగతా సంఘాలవారితో మీకు పేచీలు రాలేదా?
– పేరు వద్దన్న పాఠకురాలు, విశాఖపట్నం

మీ ఊరికి 1805లోనే వచ్చి, తెలుగు నేర్చుకుని, బైబిలు అనువాదం మొదలుపెట్టినది లండన్ మిషనరీ సొసైటీ. అదే సొసైటీకి చెందిన జాన్ విలియమ్స్ 1830లో సవాయీ తీరంలో దిగారు. ఆ పునాది మీద పెరిగిన సంఘమే ఇప్పటికీ సమోవాలో పెద్దది. మా పక్కింటాయన ఆ సంఘపు పాదిరి. ఆదివారం మధ్యాహ్నం ఆయన భార్య నాకు ఉములో కాల్చిన సీమపనస పంపేది, నేను కొబ్బరి లౌజు పంపేదాన్ని. సిద్ధాంత చర్చ ఒకసారి మొదలైంది కానీ సీమపనస చల్లారిపోతున్నదని ఆవిడ ఆపేసింది.

ఒక శనివారం తియాపపాతా కొండ మీద ఉన్న బహాయీ మతం వారి మందిరానికి వెళ్లాం. ఢిల్లీలోని కమల మందిరమూ వాళ్లదే, దాన్ని 1986లో తెరిచారు. ఇది దానికన్నా రెండేళ్లు పెద్దది. తోటలో పక్షులు, లోపల నిశ్శబ్దం. ఏ మతం వారైనా వచ్చి కూర్చోవచ్చు. మేమూ కూర్చున్నాం.

సమోవాకూ మనకూ గంటల తేడా ఎంత?
– తొమ్మిదో తరగతి, అనంతపురం

హమ్మయ్య, ఒక లెక్క. వాళ్లు మనకంటే ఏడున్నర గంటలు ముందు. మనకు మధ్యాహ్నం 12 అయితే వాళ్లకు రాత్రి 7:30. ఇప్పుడు నీకొక లెక్క ఇస్తాను. 2011లో ఆ దేశం తేదీరేఖకు అటు నుంచి ఇటు మారింది. డిసెంబర్ 29 గురువారం రాత్రి పడుకున్నవాళ్లు లేచేసరికి డిసెంబర్ 31, శనివారం. శుక్రవారం లేనే లేదు. మరి అంతకు ముందు మనకూ వాళ్లకూ తేడా ఎంత, ఎవరు ముందు? జవాబు కార్డు మీద రాసి పంపు.

మా అమ్మానాన్నలు (62, 66 ఏళ్లు) ఇలాంటి సేవకు వెళ్తామంటున్నారు. నాన్నకు మధుమేహం. పంపవచ్చా? ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, బెంగళూరు

ఖర్చు వాళ్లదే తల్లీ. మా రాజమండ్రి ఇల్లు అద్దెకిచ్చి, ఇద్దరి పింఛనుతో గడిపాం. ఆరు నెలలు మొదలుకొని ఇరవై మూడు నెలల వరకు వ్యవధి ఎంచుకోవచ్చు. మొదటిసారి కాబట్టి తక్కువకు ఒప్పించు. మధుమేహం ఉందని మానిపించవద్దు కానీ దాచిపెట్టి పంపవద్దు. వైద్య పరీక్షల కాగితాల్లో ఉన్నది ఉన్నట్టు రాయించు. మందులు విప్పని అట్టల్లోనే, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో ఉండాలి. మా మందుల పెట్టె దారిలో ఒక విమానాశ్రయంలో నాలుగు రోజులు ఆగిపోయింది, అందుకని చెబుతున్నాను. ఆరోగ్య బీమా వాళ్ల వయసుకు, వెళ్లే దేశానికి వర్తిస్తుందో లేదో అక్షరం అక్షరం చదువు. ఇక విందులు. సమోవాలోనైతే చేమ, సీమపనస, అరటి, అన్నం, అన్నీ ఒకే పళ్లెంలో పెడతారు. మధుమేహం అక్కడివాళ్లకూ ఎక్కువే. నాన్నను ముందుగానే ‘నాకు చక్కెర జబ్బు’ అని చెప్పడం నేర్చుకోమను. మొహమాటపడ్డారో, మూడో విందుకు ఆసుపత్రిలో ఉంటారు.

పద్దెనిమిది నెలలు ఇద్దరూ రోజంతా కలిసే ఉండాలట కదా! పోట్లాడుకోలేదా?
– కొత్తగా పెళ్లయినవారు, కరీంనగర్

పోట్లాడుకున్నాం. అక్కడి ఇళ్లకు గోడలు లేవని ముందే చెప్పాను. మా ఇంటికి గోడలున్నా కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉండేవి. తెలుగులో పోట్లాడితే ఎవరికీ అర్థం కాదనుకున్నాం. ఒక రోజు పాదిరిగారి భార్య నాకు రెండు సీమపనసలు పంపింది, మా వారికి ఒక్కటీ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఏం తెచ్చుకున్నారు?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

చాప. అక్కడ ఫాలా అంటారు. ఓడలో కొడుకుని తిట్టిన ఆవిడ తన చేత్తో మొగలి జాతి ఆకులు ఎండబెట్టి, చీల్చి అల్లింది. చుట్టితే నా ఎత్తు ఉంది. విమానంలో సామాను బరువు దాటుతుందని మా వారి పుస్తకాలు తీసేశాం. ఇప్పుడు హాల్లో పరిచి ఉంది. ఇంటికి వచ్చినవాళ్లు చెప్పులు విప్పి దాని మీదే కూర్చోవాలి, కాళ్లు చాపకూడదు. ఆవిడ అబ్బాయి ఇప్పుడు ఫోను ఎత్తుతున్నాడట. మా వాడు ఇంకా ఎత్తడం లేదు.